మొలకెత్తడంలో జాప్యం

కోనాపురం ప్రాంతీయ విత్తన పరీక్షా కేంద్రంలో వృథా పని ఏదీ జరగడం లేదని చెప్పడానికి వీల్లేకపోయింది. అలా చెప్పడానికి ఫారంలో గడి లేదు.

ఫారం రాజధాని నుంచి వచ్చింది. దానితో పాటే పదకొండు పేజీల సర్క్యులరు కూడా వచ్చింది. ప్రతి కార్యాలయమూ తనలో దాగి ఉన్న అసమర్థతలను తానే వెలికితీసి, వాటిని కృత్రిమ మేధకు అప్పగించు నిమిత్తం, నెలకు పన్నెండుకు తగ్గకుండా పైకి సమర్పించవలసినదని అందులో ఉంది. పన్నెండు దొరకని కార్యాలయం వెతకడంలోనే అసమర్థత చూపినట్టు పరిగణింపబడునని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. మన ఆఫీసుల్లో అసలు సంగతి ఎప్పుడూ చివరి పేజీలో చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

ఆ కేంద్రం చేసే పని చూడబోతే చాలా చిన్నది. కంపెనీలు పంపిన వేరుశనగ విత్తనాల్లోంచి నాలుగు వందల గింజలు లెక్కపెట్టి, తడి ఇసుక ట్రేలలో విత్తి, పది రోజులు నీళ్ళు చల్లి, ఎన్ని మొలిచాయో చూసి చెప్పాలి. వందకు డెబ్బై మొలిస్తే ఆ లాటు పాసు. సర్టిఫికెట్ వస్తుంది, బస్తాలు పొలాలకు పోతాయి. డెబ్బైకి తగ్గితే బస్తాలు వచ్చిన దారినే వెనక్కి పోతాయి.

ఆ లెక్కపెట్టే మనిషి ఓబుళమ్మ. ముప్పై ఒక్క ఏళ్ళుగా లాబ్ అసిస్టెంటు. గింజను రెండు వేళ్ళ మధ్య తిప్పి, కొరికి, వాసన చూసి, ట్రేలో పెట్టకముందే దాని జాతకం చెప్పగలదు. అయినా పది రోజులూ ఆగేది. "నాకు తెలుసుననుకోవడం వేరు, అది మొలవడం వేరు" అనేది ఆవిడ మాట. చుట్టుపక్కల నలభై రెండు ఊళ్ళ రైతులు సర్టిఫికెట్ కాగితం చూసేవాళ్ళు కాదు. రైతు సంఘం తరఫున సుంకన్న సైకిలేసుకొని వచ్చి, గేటు దగ్గరే నిలబడి "మొలిసిందా అక్కా?" అని అరిచేవాడు. మొలిసింది అంటే విత్తేవాళ్ళు, లేదంటే లేదు. అంతే సంగతి.

సర్క్యులరు వచ్చిన రోజే డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు సిబ్బందినంతా సమావేశపరిచారు. సిబ్బంది అంటే ఓబుళమ్మ, అటెండరు ఖాసిం. మంజూరైన పోస్టులు పదకొండు. వాటిలో ఎనిమిది పోస్టులు తొమ్మిదేళ్ళుగా ఖాళీ.

"ఆ ఎనిమిది ఖాళీలు రాద్దామా సార్?" అన్నాడు ఖాసిం.

"అవి అసమర్థత కిందికి రావయ్యా. విధానం కిందికి వస్తాయి" అన్నారు పరాంకుశం గారు. ఆయన ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోకుండా నెట్టుకొచ్చిన మనిషి. ఇంకో పద్నాలుగు నెలలు అలాగే గడిస్తే రిటైరవుతారు. పామును చూసి భయపడని ఆయనకు, మెమోలొచ్చే పొడుగు కవరు చూస్తే మాత్రం కూర్చున్న చోటే చెమటలు పట్టేవి.

సాయంత్రం దాకా వెతికితే తొమ్మిది దొరికాయి. గేటు గొళ్ళెం రెండుసార్లు లాగితేగాని పడదు. ఖాసిం టీకి వెళ్ళి రావడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఫ్యాను తిరిగేముందు ఆలోచిస్తుంది. ఇలాంటివే ఇంకో అయిదు. తొమ్మిదోది ఓబుళమ్మ దగ్గు.

మూడు తక్కువైనందుకు రాజధాని ఒక మనిషిని పంపింది.

అతని పేరు చిద్విలాస్. వయసు ఇరవై ఆరు, హోదా సామర్థ్య సలహాదారు. మెడలో ఒక తాడుకు గుర్తింపు కార్డు, ఇంకో తాడుకు స్టాప్‌వాచ్. చెడ్డవాడు కాదు పాపం. కాలం వృథా చెయ్యకూడదని ఎంత గట్టిగా నమ్మాడంటే, నమస్కారం కూడా ఒక్క చేత్తోనే పెట్టేవాడు. వచ్చిన గంటలోనే ఓబుళమ్మ పక్కన నిలబడి గడియారం నొక్కాడు.

"నాలుగు వందల గింజలు లెక్కపెట్టడానికి తొమ్మిది నిమిషాలు. ఇసుకలో పెట్టడానికి పద్నాలుగు. బాగుంది మేడమ్. తర్వాత?"

"తర్వాత ఏముంది సార్? పది దినాలు."

"పది దినాలు ఏమిటి?"

"మొలవాల కదా."

చిద్విలాస్ ట్రే వైపు వంగి చూశాడు. ఇసుక కదల్లేదు. "ఇప్పుడు ఇక్కడ ఎవరు పనిచేస్తున్నారు?"

"ఎవరూ చెయ్యట్లేదు సార్."

"పది రోజుల పాటు ఎవరూ చెయ్యరా?" అతను వేళ్ళ మీద గుణించుకున్నాడు. "పద్నాలుగు వేల నాలుగు వందల నిమిషాలు! ఇంత జాప్యానికి బాధ్యులెవరు?"

"గింజలు సార్."

"వాటి పై అధికారి?"

ఓబుళమ్మ నీళ్ళ చెంబు చూపించింది. "ఇక్కడైతే నీళ్ళు చల్లేది నేనే సార్. బయటైతే వాన."

వానను విచారించే అధికారం తనకు లేదని చిద్విలాస్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. గింజల సంగతి మాత్రం రాసి పైకి పంపాడు. రాష్ట్రంలో అంతవరకూ దొరికిన అసమర్థతలన్నిటిలోకీ ఇదే పెద్దదని రాజధాని మురిసిపోయింది. వారం తిరిగేసరికి పొడుగు కవరు వచ్చింది. మొలకెత్తడంలో అసాధారణ జాప్యమునకు బాధ్యులైన వారి నుండి సంజాయిషీ కోరుతూ, పది రోజుల లోగా సమాధానం రాబట్టవలసినదని అందులో ఆజ్ఞ.

పరాంకుశం గారు కవరు పట్టుకొని గంటసేపు కూర్చున్నారు. బాధ్యులంటే ఓబుళమ్మ పేరు రాయొచ్చు. కాని ఆవిడ తిరిగి సంజాయిషీ రాస్తే అందులో తన పేరు వస్తుంది. చివరికి మెమోను గింజల పేరునే జారీ చేశారు. ఖాసిం దాన్ని ట్రేకి అతికించి, అందినట్టు తనే సంతకం పెట్టాడు.

పదో రోజున వందకు తొంభై ఒక్క గింజలు తల బయటపెట్టాయి. "సంజాయిషీ అందినది. తొంభై ఒక్కరు హాజరు. తొమ్మిదిమంది నిరుత్తరులు" అని పరాంకుశం గారు ఫైల్లో రాసి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

రాజధానికి ఆ సంజాయిషీ తృప్తికరంగా లేదు. మరుసటి నెలలో యంత్రాన్ని పంపింది.

యంత్రం పేరు బీజవాణి. పెట్టెలాగా ఉంటుంది, పైన కెమెరా. కింద పళ్ళెంలో గింజలు పోస్తే ఫోటో తీసి, పదకొండు సెకన్లలో మొలక శాతం చెప్పి, సర్టిఫికెట్ కూడా తనే అచ్చువేస్తుంది. మొదటి రోజే నలభై లాట్లు పరీక్షించింది. నలభైకి నలభై పాసు. తొంభై రెండు, తొంభై నాలుగు, తొంభై మూడు. పరాంకుశం గారు సిబ్బందికి మైసూరుపాకు పంచారు. ట్రేలు అటకెక్కాయి. ఇసుకను వెనక గోడ పక్కన కుప్పపోశారు. రెండు రోజులు తిరక్కుండా వీధికుక్క ఒకటి అందులో నాలుగు పిల్లల్ని పెట్టింది.

ఓబుళమ్మకు మైసూరుపాకు గొంతు దిగలేదు. నలభైలో ఒక్కటీ తప్పకపోవడం ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళలో చూడలేదు.

"ఇది ఎట్ల నేర్చుకున్యాది సార్?" అని అడిగింది.

"మీ ఆఫీసు కంప్యూటర్లో పదిహేనేళ్ళ ఫలితాలు, ఫోటోలు ఉన్నాయి కదా మేడమ్. ఆరు వేల లాట్లు. అన్నీ చూసి నేర్చుకుంది" అన్నాడు చిద్విలాస్ గర్వంగా.

ఓబుళమ్మ పరాంకుశం గారి వంక చూసింది. ఆయన కిటికీ వంక చూశారు.

సంగతేమిటంటే, ఆ ఆఫీసులో పదిహేనేళ్ళ నాడు కంప్యూటరు వచ్చినప్పుడు, అందులో ఎక్కించినవన్నీ నేరుగా రాజధానికి కనిపిస్తాయని తెలిసింది. తప్పిన లాటు కనిపిస్తే పైనుంచి ప్రశ్న వస్తుంది, ప్రశ్న వస్తే జవాబు రాయాలి. అందుకని అప్పటి అధికారి నోటిమాటగా ఒక ఏర్పాటు చేశారు. పాసైన లాట్లు కంప్యూటరులోకి, తప్పినవి ఎర్ర అట్ట పుస్తకంలోకి. ఆయన తర్వాత వచ్చినవాళ్ళందరూ, పరాంకుశం గారితో సహా, ఆ ఏర్పాటును భక్తిగా పాటించారు. పుస్తకం ఓబుళమ్మ సొరుగులో ఉంటుంది. ఇప్పటికి అది మూడో పుస్తకం. ఏ కాగితంలోనూ అది లేదు. అందువల్ల బీజవాణి పదిహేనేళ్ళ చదువులో ఒక్క చచ్చిన గింజ మొహమూ చూడలేదు. దాని లెక్కలో లోకంలోని గింజలన్నీ మొలుస్తాయి.

"సార్, ఎర్ర పుస్తకం సంగతి ఆ అబ్బాయికి చెప్పాల" అంది ఓబుళమ్మ, చిద్విలాస్ బయటికి వెళ్ళాక.

"ఏ పుస్తకం?" అన్నారు పరాంకుశం గారు. ఆ తర్వాత చేతులు జోడించినంత పని చేశారు. "పన్నెండు నెలలమ్మా. పన్నెండు నెలలు ఓపిక పట్టు."

ఓబుళమ్మ పట్టేదేమో. అంతలో నూట పదిహేడో లాటు వచ్చింది.

నాలుగు వేల బస్తాలు. నలభై రెండు ఊళ్ళకీ తొలకరికి పంచాల్సిన విత్తనం అదే. ఓబుళమ్మ సంచీ మూతి విప్పగానే ముక్కిన నూనె వాసన కొట్టింది. పొట్టు నిగనిగ లేదు. ఒకటి కొరికి ఉమ్మేసింది. బీజవాణి మాత్రం పదకొండు సెకన్లు చూసి, తొంభై మూడు అంది.

ఆవిడ గుప్పెడు గింజలు కొంగున మూటగట్టి ఇంటికి పట్టుకెళ్ళింది. వంద లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి, వంటింటి గూట్లో పెట్టింది. అయిదో రోజుకు నాలుగు మొలిచాయి. పదో రోజుకు పన్నెండు. మిగతా ఎనభై ఎనిమిదీ బూజుపట్టి మెత్తబడ్డాయి. ఓబుళమ్మ ఆ గుడ్డను మళ్ళీ చుట్టి పక్కన పెట్టింది. తొలకరి ఏడాదికి ఒక్కసారే. నలభై రెండు ఊళ్ళు ఈ గింజలు చల్లి, మొలక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. ఇవి మొలవవని తెలిసేసరికి నేలలో పదును ఆరిపోయి ఉంటుంది.

మర్నాడు ఆ గుడ్డను తీసుకెళ్ళి పరాంకుశం గారి బల్లమీద పరిచింది.

ఆయన ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, "ఈ పరీక్ష ఏ పద్ధతిన జరిగినది?" అన్నారు. ఆయనకు భయం వేస్తే మాట ఫైలు భాషలోకి వెళ్ళిపోతుంది.

"పాత పద్ధతే సార్. తడిగుడ్డ."

"పాత పద్ధతి గత నెల ఇరవయ్యో తేదీన రద్దు చేయబడినది. రద్దు చేయబడిన పద్ధతిలో మొలవని గింజను, మొలవలేదని చెప్పుటకు వీలు లేదు."

చిద్విలాస్ అయితే ఓపిగ్గా నచ్చచెప్పాడు. "బీజవాణి ఇంతవరకు ఒక్క తప్పూ చెయ్యలేదు మేడమ్."

"చెయ్యలేదని ఎట్ల తెలిసె సార్? ఎవురూ మొలకెత్తించి చూసిన పాపాన పోలేదే."

"తప్పు చేసి ఉంటే తెలిసేది కదా" అన్నాడతను. ఆ మాట అన్నాక తనకే ఏదో తేడాగా అనిపించిందేమో, బుర్ర గోక్కున్నాడు. కాని అప్పటికే అతని గడియారంలో ఈ సంభాషణకు కేటాయించిన రెండు నిమిషాలూ అయిపోయాయి.

ఇదంతా గుమ్మంలో నిలబడి విన్న ఖాసింకి ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం బస్టాండులో పొట్లం కట్టించుకొచ్చిన వేయించిన వేరుశనగ గింజలు అతని జేబులో ఉన్నాయి. ఉప్పూ కారం చల్లినవి. వాటిని పళ్ళెంలో గుమ్మరించి మీట నొక్కాడు. రకం ఏమిటని యంత్రం అడిగితే 'వేపుడు' అని కొట్టాడు. పండించినవారు? 'ఖాసిం సాబ్, కోనాపురం.'

గింజలన్నీ ఒకే రంగున నిగనిగలాడుతున్నాయి. నూనె మెరుపు కదా. అంత అందమైన గింజల్ని బీజవాణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తొంభై తొమ్మిది, అంది. బంగారు అంచు సర్టిఫికెట్ బయటికొచ్చింది.

ఓబుళమ్మ ఆ సర్టిఫికెట్టూ, మిగిలిన గింజలు నాలుగూ తీసుకొని మళ్ళీ పరాంకుశం గారి గదికి పరుగెత్తింది. ఈసారి కాదనలేరు అనుకుంది.

ఆయన ఒక గింజ నోట్లో వేసుకున్నారు. నమిలారు. మొహం పాలిపోయింది. "మిగతావి ఏవి?"

"ఖాసిం తినేసినాడు సార్."

"తినేశాడా! సర్టిఫై చేసిన విత్తన నమూనాను ఏడాది పాటు భద్రపరచాలని నిబంధన!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. "రద్దు చేద్దామంటే ఈ యంత్రానికి రద్దు మీట లేదు. అసలు సర్టిఫికెట్ ఇప్పటికే పైకి వెళ్ళిపోయి ఉంటుంది."

వెళ్ళిపోయింది. మూడో రోజున ఫోన్ వచ్చింది. రాష్ట్రం మొత్తంలో అత్యధిక మొలక శాతం గల 'వేపుడు' రకాన్ని రూపొందించిన అభ్యుదయ రైతు శ్రీ ఖాసిం సాబ్‌ను సన్మానించేందుకు కమిషనర్ గారు స్వయంగా విచ్చేస్తున్నారు. అదే వేదిక మీద జెండా ఊపి, నూట పదిహేడో లాటు లారీలను ఊళ్ళకు సాగనంపుతారు.

ఆ రోజు ఆఫీసు ముందు షామియానా వేశారు. గేటు బయట రోడ్డు వెంబడి లారీలు వరుసగా నిలబడ్డాయి. దక్షిణాన మబ్బు కమ్ముతోంది. నలభై రెండు ఊళ్ళ రైతులు వచ్చారు. సుంకన్న జనంలోంచి తోసుకొని ఓబుళమ్మ దగ్గరికి వచ్చాడు.

"మొలిసిందా అక్కా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్నకు ఆవిడ దగ్గర సర్టిఫికెట్ ఒకటీ, జవాబు ఒకటీ ఉన్నాయి. "మొలవలేదప్పా. నూటికి పన్నెండు" అంది మెల్లగా.

సుంకన్న నోరు తెరిచాడు. "అయితే మావోళ్ళకు చెప్తా."

"నీ ఊరు ఇంటాది. తక్కిన నలభై ఒక్క ఊర్లో? కమిషనరు చేత్తో ఇచ్చిన బస్తాను ఎవురు వద్దంటారు? ఉండు, నన్ను చూడనీ."

వేదిక మీద ఖాసిం మెడలో గజమాల వేసుకొని దొంగలా కూర్చున్నాడు. కమిషనర్ గారి ముందు వెండి పళ్ళెంలో వేపుడు రకం విత్తనాలున్నాయి. బస్టాండు నుంచి పొద్దున్నే తెప్పించినవి. కమిషనర్ గారు ప్రసంగిస్తూ ఒకటి నోట్లో వేసుకున్నారు. తర్వాత ఇంకొకటి. "సాంకేతికత, సామర్థ్యం, సత్వరత!" అన్నారు, ఈసారి గుప్పెడు తీసుకుంటూ. పళ్ళెం సగం అయ్యేసరికి ఓబుళమ్మ తెగించి మెట్లెక్కింది.

"సార్, అవి వేయించినవి సార్. మొలవవు. ఆ లారీల్లో ఉండేటివీ మొలవవు."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. కమిషనర్ గారు నమలడం ఆపి, ఒక్క క్షణం ఆలోచించి, చిరునవ్వు నవ్వారు.

"వేయించినవే! గమనించాను. అంటే రైతు సోదరులకు వేయించుకునే శ్రమ కూడా మన శాఖ తప్పించిందన్నమాట. ఇది మరొక అసమర్థత నిర్మూలన!" అన్నారు. ముందు వరుసలోని అధికారులు చప్పట్లు కొట్టారు. ఎవరో లారీ డ్రైవర్ల వైపు చెయ్యి ఊపారు. ఒక ఇంజను మొదలైంది.

ఓబుళమ్మకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. నిజం చెప్పినా తలకెక్కని మనుషులకు ఇక దేనితో చెప్పాలి? ఎదురుగా బల్లమీద అసమర్థతల ఫారాల కట్ట ఉంది. ఇన్ని నెలల్లో ఆవిడ ఒక్క ఫారమూ నింపలేదు. ఒకటి లాగి, ఖాసిం జేబులోని కలం తీసుకొని, నిలబడే రాసింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా పరాంకుశం లాంటివాళ్ళు రాసిన ఫైళ్ళు మోసిన మనిషి. ఆ భాష ఆవిడకు రాక కాదు.

కమిషనర్ గారు ఆ కాగితం తీసుకొని మైకులోనే చదివారు.

"కనుగొన్న అసమర్థత: విత్తనములు విత్తుట. వృథా అగుచున్న కాలము: నూట పది దినములు. కారణములు: వానకై వేచియుండుట, మొలకకై వేచియుండుట, కాయకై వేచియుండుట. సూచన: యంత్రము మొలకను ముందుగా చెప్పగలిగినప్పుడు దిగుబడిని కూడ ముందుగానే చెప్పగలదు. కావున నూట పదిహేడవ లాటును గోదాములోనే ఉంచి, దిగుబడిని నేరుగా ప్రకటించవచ్చును. పొలముతో పని లేదు."

ఆయన కాగితాన్ని పైకెత్తి చూపించారు. "ఇన్నాళ్ళూ మనం గింజ దగ్గరే ఆగిపోయాం. ఈ సోదరి పొలాన్ని కూడా దాటి వెళ్ళింది!" అని, వేదిక మీదే సంతకం చేశారు. ఊపడానికి తెచ్చిన జెండా ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి, దానితోనే లారీలను వెనక్కి పొమ్మని ఊపారు. నాలుగు వేల బస్తాలూ గోదాముకు మళ్ళాయి.

రైతులు గగ్గోలు పెట్టారు. వాళ్ళకేం తెలుసు? సుంకన్న ఒక్కడే తల దించుకొని నవ్వు ఆపుకుంటున్నాడు. ఓబుళమ్మ కిందికి దిగి అతని చెవిలో చెప్పింది. "ఇండ్లల్లో దాసిన కాయలుంటాయి కదా, అవి ఒలిచి తడిగుడ్డలో కట్టి చూసుకోమను. చాలకుంటే పక్కూరోళ్ళ దగ్గర బదులు తెచ్చుకోమను. ఆడోళ్ళకు చెప్పు, మగోళ్ళకు చెబితే పనికాదు."

ఆ మబ్బు ఉత్తదే, వట్టి గాలికి తేలిపోయింది. అదీ మంచిదే అయింది. ఆ తర్వాతి పది రోజులూ నలభై రెండు ఊళ్ళలో వంటింటి గూళ్ళన్నీ తడిగోనె వాసన కొట్టాయి. పన్నెండో రోజున వాన పడింది. ఊళ్ళకు ఊళ్ళు పొలాల్లోకి దిగాయి.

విత్తిన పదో రోజున ఓబుళమ్మ సెలవు పెట్టింది. కారణం అన్న చోట 'గింజలను చూచుటకు' అని రాసింది. చిద్విలాస్ తానూ వస్తానన్నాడు. సభ రోజు నుంచీ అతను ఎందుకో స్టాప్‌వాచ్ నొక్కడం తగ్గించాడు.

సుంకన్న చేలో ఎర్రమట్టి పెచ్చులు కట్టింది. ఆ పెచ్చుల్ని తలతో లేపుకొని, వరసలు వరసలుగా, ముడుచుకున్న ఆకులతో మొలకలు పైకి వస్తున్నాయి. చిద్విలాస్ గట్టుమీద గొంతుక్కూర్చున్నాడు. వేరుశనగ మొలకను అతను బతుకులో చూడలేదట. ఒక మొలక మట్టిబిళ్ళను ఎత్తుతూ సగంలో ఉంది. దాన్నే చూస్తూ ఎంతసేపున్నాడో, సుంకన్న మజ్జిగ తెచ్చి ఇచ్చినా గమనించలేదు.

"ఇదంతా లోపల పది రోజుల నుంచి జరుగుతోందా మేడమ్?"

"మరి? నువ్వు పది దినాలు ఎవురూ పని చెయ్యరా అంటివి" అంది ఓబుళమ్మ. మొదటిసారి అతన్ని నువ్వు అంది.

అప్పుడే అతని ఫోన్ మోగింది. నూట పదిహేడో లాటు దిగుబడిని రాజధాని ప్రకటించింది. ఎకరాకు ఇరవై రెండు బస్తాలు, రాష్ట్రంలోనే అత్యధికం. ఆ లాటు అప్పుడు గోదాములో ఉంది. ఎలుకలు కూడా దాన్ని ముట్టుకోవడం లేదు. ఎలుకలకు సర్టిఫికెట్ చూపించే ఏర్పాటు ఇంకా జరగలేదు.

చిద్విలాస్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మా యంత్రం ఎక్కడ తప్పింది మేడమ్?"

"యంత్రం తప్పలేదు నాయనా. మేము దానికి సగమే చూపిచ్చినాము" అంది ఓబుళమ్మ. ఆ సాయంత్రమే సొరుగు తాళం తీసి, మూడు ఎర్ర పుస్తకాలూ అతని చేతిలో పెట్టింది. పరాంకుశం గారు చూసి, అటు తిరిగి కిటికీలోంచి కుక్కపిల్లల్ని లెక్కపెట్టుకున్నారు. ఎలాగూ ఏ కాగితంలోనూ లేని పుస్తకాలు. లేనివాటిని ఇవ్వకూడదని నిబంధన లేదు.

చిద్విలాస్ రెండు నెలలు కూర్చొని, చచ్చిన గింజలన్నిటినీ బీజవాణికి పరిచయం చేశాడు. తప్పిన లాట్ల నమూనాలు ఓబుళమ్మ సీసాల్లో దాచే ఉంచింది. ఒక్కొక్కదాన్నీ పళ్ళెంలో పోసి, ఫోటో తీసి, ఎందుకు మొలవలేదో ఆవిడను అడిగి మరీ నేర్పాడు. ఆ తర్వాత గోదాము నుంచి గుప్పెడు నూట పదిహేడో లాటు తెప్పించి పోశాడు. పదకొండు సెకన్లు కాదు, ఈసారి యంత్రం ఒక నిమిషం చూసింది. పన్నెండు, అంది.

ఖాసిం ఈల వేశాడు. ఓబుళమ్మ చేత్తో ఆ పెట్టెను ఒకసారి నిమిరింది.

ఆ వారం బీజవాణి ఇరవై లాట్లు చూసి ఏడు తప్పాయని చెప్పింది. శుక్రవారానికి పొడుగు కవరు వచ్చింది. "మీ కేంద్రంలోని యంత్రం ఇటీవల అకస్మాత్తుగా తీవ్ర అసమర్థతను ప్రదర్శించుచున్నట్లు గమనించడమైనది. లాట్లు విఫలమగుచున్నవి. పరీక్షకు తీసుకొను సమయము సైతం పెరిగినది. తక్షణమే దానిని మరమ్మతు నిమిత్తం పంపవలసినది."

సోమవారం వ్యాను వచ్చి బీజవాణిని ఎక్కించుకుపోయింది. ఎప్పుడు తిరిగొస్తుందని ఖాసిం అడిగితే, నేర్చుకున్నది మరిచిపోగానే పంపుతామన్నారు. పరాంకుశం గారు కవరును నాలుగు మడతలు పెట్టి, రద్దయిన పద్ధతిని రద్దయినట్టుగానే కొనసాగించవలసినదని నోటిమాటగా చెప్పారు.

ట్రేలు అటక దిగాయి. ఇసుక తోడబోతే పెరిగిన కుక్కపిల్లలు నాలుగూ మొరిగాయి. చిద్విలాస్ సెలవు పెట్టి మరీ ఉండిపోయాడు. అతను చేట పట్టుకుంటే ఖాసిం పారతో ఎత్తాడు. ఓబుళమ్మ రెండో కారు పంటకు వచ్చిన విత్తనం నాలుగు వందలు లెక్కపెట్టి, ఒక్కొక్కటే తడి ఇసుకలో పెట్టింది. ఆఖరి గింజ పెడుతుండగా గేటు దగ్గర సైకిలు గంట వినిపించింది.

"మొలిసిందా అక్కా?"

"ఇప్పుడే కదప్పా పెట్టింది. పది దినాలు పడతాది."

సుంకన్న సరేనని సైకిలు మళ్ళించాడు. చిద్విలాస్ మెడలోని స్టాప్‌వాచ్ తీసి గోడకున్న మేకుకు తగిలించి, చెంబుతో ట్రేల మీద నీళ్ళు చల్లాడు.